కాగితంలో 1970, అమ్మినాయన మాటలో 1963: ఈ పాత ఎయిర్‌స్ట్రీమ్ అసలు ఏ ఏటిది?

డేటన్_వాసి

ఒహాయోలో మా ఊరికి గంట దూరంలో ఒక రైతు కొట్టంలో ఇరవై ఏళ్లుగా కదలకుండా పడి ఉన్న ఎయిర్‌స్ట్రీమ్ కారవాన్‌ను, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే అల్యూమినియం ఇంటి బండిని, పోయిన నెల కొన్నాను. యాజమాన్య పత్రంలో తయారైన సంవత్సరం 1970 అని ఉంది. అమ్మిన పెద్దాయన మాత్రం తన మామగారు దీన్ని 1963లో కొత్తగా కొన్నారని, ఆ వేసవి తనకు బాగా గుర్తుందని గట్టిగా చెబుతున్నారు. తలుపు పక్కన ఉండవలసిన గుర్తింపు పలక ఊడిపోయింది, దాని రివెట్ల రంధ్రాలు మాత్రమే మిగిలాయి.

వెనక మూలలో నేల మెత్తబడింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి కాస్త నొక్కితే, టీలో నానిన రస్కులోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. పైరేకు మీద పసుపు పచ్చని పూత ఒకటి పొరలు పొరలుగా లేస్తోంది. ఈ బండి వయసు తేల్చడం ఎలా? ఈ శని, ఆదివారాల్లో రేకుకు మెరుగు పెట్టడం మొదలుపెట్టవచ్చా? మా అబ్బాయి దీన్ని అద్దంలా చూడాలని రోజూ అడుగుతున్నాడు.

పాతరథం

మెరుగు సంగతి చిట్టచివర చూసుకోవచ్చు. ముందు కిటికీలు చూసి చెప్పండి. అద్దం చుట్టూ అల్యూమినియం చట్రం ఉందా, లేక చట్రం లేకుండా అద్దమే బండి ఒంటి వంపుతో పాటు వంగి ఉందా? అలా వంగిన పలుచని అద్దాలు కార్నింగ్ అనే గాజు సంస్థ వారివి. అవి 1966, 1967, 1968 మోడళ్లకే వచ్చాయి. 1969లో గుల్ల (బండి రేకు ఒళ్లు) ఆకారాన్నే మార్చేశారు కాబట్టి, ఆ ఏటి నుంచి వచ్చిన బళ్లను కాస్త అలవాటైన కన్ను దూరం నుంచే గుర్తుపడుతుంది.

రెండో పని, ముందు తగిలించే హిచ్ కొస నుంచి వెనక బంపరు దాకా టేపుతో కొలవండి. ఎయిర్‌స్ట్రీమ్‌లో పొడవు అంటే అదే, లోపలి గది పొడవు కాదు. 1961 నుంచి 1963 వరకు వచ్చిన చిన్న బండి పేరు బాంబీ, అది 16 అడుగులది. 17 అడుగుల బండి 1964లో మొదలైంది, ఆ తర్వాత అదే కొలతలో కారవెల్ అనే పేరుతో వచ్చింది.

డేటన్_వాసి

చట్రం లేని వంపు అద్దాలే ఉన్నాయి. ఒకటి ఎప్పుడో పగిలినట్టుంది, దాని స్థానంలో ప్లాస్టిక్ పలక పెట్టి మరలు బిగించారు. పొడవు సరిగ్గా 17 అడుగులు వచ్చింది.

పాతరథం

అయితే మీ కాగితమూ తప్పే, పెద్దాయన జ్ఞాపకమూ తప్పే. మీ బండి 1966కు ముందుదీ కాదు, 1968కి తర్వాతదీ కాదు. మిగిలిన అద్దాలను మాత్రం కళ్లలో పెట్టుకుని కాపాడండి. ఒకటి పగిలితే అలాంటిదే మరొకటి దొరకడం చాలా కష్టం.

కాగితంలో తప్పు పడటం వింత కాదు. పాత పత్రాలు పోయినప్పుడు చాలా చోట్ల యజమాని నోటితో చెప్పిన సంవత్సరాన్నే రాసుకున్నారు, లేదా చేతులు మారిన సంవత్సరాన్ని తయారైన సంవత్సరంగా నమోదు చేశారు. అన్ని వాహనాలకూ ఒకే పద్ధతిలో 17 అక్షరాల గుర్తింపు సంఖ్య 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకు ముందు ఎవరి అంకెలు వారివి. మీ బండి అంకె హిచ్ వెనక త్రికోణంగా ఉండే ఇనుప చట్రం మీద అచ్చు కొట్టి ఉండవచ్చు. ఆరు దశాబ్దాల రంగు పొరల కింద ఉంటుంది కనుక గ్రైండరు మాత్రం పెట్టకండి, అచ్చు లోతు చాలా తక్కువ. రంగు కరిగించే ద్రావకం పూసి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా తుడిచి, కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దండి. కంటికి కనబడని అంకె కాగితం మీద కనబడుతుంది.

టల్సా_శారద

పాతరథం గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. లోపలి సామాను మీద కూడా తేదీలు దొరుకుతాయి. పొయ్యి వెనక, ఫ్రిజ్ వెనక, నీళ్లు కాచే డబ్బా అడుగున తయారీదారు పలకలు ఉంటాయి. కాకపోతే ఆ తేదీని బట్టి బండి అంతకు ముందు తయారు కాలేదని అనుకోవడానికి కూడా ఆ సామాను బండితో పాటు వచ్చినదేనని ముందు తేలాలి. మధ్యలో ఎవరైనా ఫ్రిజ్ మార్చి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అందుకే ఒక్క సాక్ష్యాన్ని నమ్మకండి, మూడు నాలుగు ఒకే దిక్కు చూపినప్పుడే వయసు తేలినట్టు.

మా ఇంట్లో ఉన్నది స్పార్టన్. అది మా టల్సాలోనే తయారైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాలు కట్టిన కర్మాగారమది. యుద్ధం ముగిశాక, చమురు వ్యాపారి జె. పాల్ గెట్టీ ఆధ్వర్యంలో అదే రేకు పనితో కారవాన్లు కట్టారు. దాని తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన చప్పుడు నాకు ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేను.

లండన్_లాంతరు

కాగితం తప్పు చెబుతోందని మీరు బాధపడుతున్నారు. మా బ్రిటన్‌లో అసలు కాగితమే ఉండదు. ఇక్కడ కారవాన్‌కు సొంత నమోదు లేదు, లాగే కారు నంబరునే వెనక తగిలిస్తారు. అందువల్ల పాత కారవాన్ వయసు తేల్చాలంటే ఆనాటి ప్రకటనలు, ధరల పట్టికలు, కుటుంబాల ఫొటోలు వెతకవలసిందే. బర్మింగ్‌హామ్‌లో ఎకిల్స్ సంస్థ 1919లో మోటారు కారవాన్ల వ్యాపారం మొదలుపెట్టింది. 1930లలోని బళ్లకు పైకప్పు మధ్యలో లాంతరు గూడులా ఎత్తుగా లేచి, రెండు వైపులా చిన్న కిటికీలు ఉండేవి. ఇక్కడి వారు దాన్ని మాలీక్రాఫ్ట్ అంటారు. నా మారుపేరు దాని నుంచే పెట్టుకున్నాను. ఆ గూడు ఆకారం, పైకప్పు మీద పరిచిన గుడ్డ, కిటికీ పిడి, ఇలాంటివే మాకు పంచాంగం.

రేకుడబ్బా

వయసు గురించి ఇంత వెతుకులాట ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ఎలాగూ లోపల కుళ్లిపోయింది కదా, మొత్తం పీకేసి, తెల్ల రంగు వేసి, కొత్త బల్లలు పెట్టుకుంటే హాయిగా వాడుకోవచ్చు. మా స్నేహితులు అలాగే చేశారు, చాలా అందంగా ఉంది.

కొయ్యబొమ్మ

రేకుడబ్బా గారూ, మీ స్నేహితుల బండి అందంగా ఉందనడంలో నాకు సందేహం లేదు. కానీ అసలు లోపలి భాగం మిగిలి ఉన్న బళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. కుళ్లిన మూలను మార్చడం మరమ్మతు. కుళ్లని బీరువాను కూడా బయట పారేసి, ఆనాటి కర్రకు తెల్ల రంగు పూయడం వేరే పని. రంగు వేసిన బర్చ్ చెక్కను మళ్లీ వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే పైనున్న పలుచని పొర గీకుడుకే పోతుంది.

నాది షాస్టా అనే సంస్థ కారవాన్. వెనక రెండు పక్కలా రెక్కలుంటాయి, చూసే ఉంటారు. ఎయిర్‌స్ట్రీమ్‌లా దానికి రివెట్ల గుల్ల ఉండదు. పలుచని కర్ర చట్రం, దానికి లోపల చెక్క, బయట రంగు రేకు. మూలల్లో లప్పం ఎండి పగిలితే నీళ్లు చట్రంలోకి దిగుతాయి. నేను కొన్నప్పుడు బయటికి ముచ్చటగానే ఉంది. రేకు విప్పి చూస్తే, ముందు భాగంలో చట్రం కర్ర చేతిలో పొడిపొడిగా రాలిపోయింది. మా వారు ఆ పొడిని చీపురుతో ఎత్తబోతుంటే ఆపాను. కుళ్లిన ముక్క ఎంత చెడినా దాని పొడవు, వంపు, గాడి కొత్త ముక్కకు కొలతలు. ప్రతి ముక్కకూ అంకె వేసి, అట్టపెట్టెలో వరసగా పెట్టి, ఫొటో తీసి, అప్పుడు కొత్తది కోశాం. డేటన్_వాసి గారూ, మీరూ ఏ ముక్కనూ తొందరపడి పారేయకండి.

వయసు విషయంలో ఇంకో జాగ్రత్త. షాస్టా వారు 2015లో 1961 నాటి ఎయిర్‌ఫ్లైట్ నమూనాను మళ్లీ తయారు చేశారు. సంస్థ పుట్టిన 1941కి గుర్తుగా 1,941 బళ్లు మాత్రమే. ఫొటోలో చూసి పాతదనుకుని బేరం మొదలుపెట్టిన వారు నాకు తెలుసు.

రేకుడబ్బా

కొయ్యబొమ్మ గారి మాట ఒప్పుకుంటాను. కుళ్లనిదాన్ని కూడా పీకాలన్నది నా ఉద్దేశం కాదు, కానీ నేను రాసినది అలాగే అర్థమవుతుంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఎలుకలు కాపురం చేసిన బండిలో లోపలి గోడలు విప్పకుండా ఎలా శుభ్రం చేస్తారు?

నాలుగుచక్రాలు

విప్పవలసిందే. ఎయిర్‌స్ట్రీమ్ లోపలి రేకుకూ బయటి రేకుకూ మధ్య గాజుపీచు ఉంటుంది. ఎలుకలు దానిలో దశాబ్దాలుగా మూత్రం పోస్తాయి. వాసన ఒక్కటే కాదు, ఆ తడి అల్యూమినియాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చకూడదు. అమెరికాలో కొన్ని రకాల ఎలుకల నుంచి హంటా వైరస్ గాలి ద్వారా సోకుతుంది. బ్లీచు నీళ్లు చల్లి, తడిగా ఉండగానే తుడిచి, మంచి మాస్కు, చేతి తొడుగులు వేసుకుని తీయండి. పిల్లలను ఆ రోజు దగ్గరికి రానివ్వకండి.

ఇక డేటన్_వాసి గారికి నా ప్రశ్న. ఆ బండిని కొట్టం నుంచి ఇంటికి దాని చక్రాల మీదే లాక్కొచ్చారా?

డేటన్_వాసి

లేదండీ, ట్రక్కు మీద ఎక్కించి తెచ్చాను. టైర్లకు గాలి కొట్టినా నిలబడలేదు.

నాలుగుచక్రాలు

మంచి పని చేశారు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడటం అందరూ అలవాటు చేసుకోవాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగంకెల పద్ధతి 2000 నుంచి వచ్చింది కనుక, మూడే అంకెలు ఉంటే అది పోయిన శతాబ్దపు టైరు. గాడి ఎంత లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరు మీద కారవాన్ లాగకూడదు.

ఆ కాలపు ఎయిర్‌స్ట్రీమ్‌లో యాక్సిల్‌కు కమానులు ఉండవు. ఇనుప గొట్టంలో రబ్బరు కడ్డీలు బిగించి ఉంటాయి, ఆ రబ్బరు మెలితిరగడమే సస్పెన్షన్. బండి నేల మీద నిలబడి ఉండగా చక్రం పట్టిన చేయిని పక్క నుంచి చూడండి. అది కిందికి వాలి ఉంటే రబ్బరులో ప్రాణం ఉంది. నేలకు సమాంతరంగా ఉన్నా, పైకి లేచినా రబ్బరు బిగుసుకుపోయినట్టే. అలాంటి యాక్సిల్‌తో తిప్పితే రోడ్డులోని ప్రతి గుంతా నేరుగా గుల్లకు తగిలి, రివెట్లు వదులవుతాయి. మరమ్మతు లేదు, కొత్త యాక్సిల్ చేయించుకోవాలి. బ్రేకులు కూడా అప్పుడే కొత్తవి వస్తాయి.

టల్సా_శారద

నేను అసలు రూపం కాపాడాలని పట్టుబట్టే మనిషిని. అయినా యాక్సిల్, బ్రేకులు, టైర్లు, గ్యాసు గొట్టాల విషయంలో ఆ పట్టు లేదు. వెనక వచ్చే కారులో ఉన్నవారికి మన అభిరుచితో సంబంధం లేదు. పాత రెగ్యులేటరు, పాత హీటరు వాడాలని ఎవరైనా ముచ్చటపడితే, ముందు అర్హత ఉన్న పనివాడి చేత గ్యాసు లైను పీడన పరీక్ష చేయించుకోండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

పాతరథం

డేటన్_వాసి గారూ, ఇంకొక పరీక్ష. వెనక బంపరు మీద నిలబడి మెల్లగా పైకీ కిందికీ ఊగండి. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టి, బంపరుకూ గుల్ల అంచుకూ మధ్య సందు చూడమనండి. మీరు ఊగినప్పుడు గుల్ల కూడా కలిసి కదిలితే సంతోషం. బంపరు దిగి గుల్ల అక్కడే ఉండిపోతే, వెనక భాగం చట్రం నుంచి విడిపోయింది. కింద ఇనుప చట్రం, దాని మీద ప్లైవుడ్ నేల, దాని అంచున గుల్లను పట్టే అల్యూమినియం పట్టీ, ఈ మూడింటినీ కలిపి బోల్టులు పట్టుకుంటాయి. మధ్యలోని ప్లైవుడ్ నానిపోతే బోల్టు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

డేటన్_వాసి

మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి చూశాను. బంపరు దాదాపు అర అంగుళం దిగింది, గుల్ల కదల్లేదు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలియకుండా నేల మారిస్తే మళ్లీ అదే గతి కదా. ఎలా పట్టుకోవాలి?

పాతరథం

లోపల పెద్ద ఫ్యాను పెట్టి, తలుపు సందులో గట్టిగా మూత వేసి, గాలి లోపలికి నింపండి. బయట అతుకుల మీద, కిటికీల చుట్టూ, పైకప్పు గాలి గూళ్ల చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. బుడగలు ఎక్కడ లేస్తే నీళ్లు అక్కడే దిగుతున్నాయి. కారే చోటు ప్రతిసారీ కుళ్లిన చోటికి నేరుగా పైనే ఉండాలని లేదు. మా బండిలో ముందు గాలి గూటి దగ్గర దిగిన నీరు గోడల మధ్య నుంచి పారి వెనక మూలలో తేలింది. ఒక్క బతిమాలుట, సిలికాన్ మాత్రం వాడకండి. దాని మీద మరింకేదీ అంటుకోదు, తర్వాత వచ్చేవారు గీకలేక ఏడుస్తారు. పాలీయురెథేన్ రకం సీలెంటు వాడండి, వీలైతే లోపలి గోడ విప్పినప్పుడు లోపలి వైపు నుంచి అతుకులకు పూయండి.

ఆటోనగర్_బాబాయి

మా అమ్మాయి కొలంబస్‌లో ఉంటుంది. ఈ చర్చ చదివి వినిపించింది, నా మాటలు తనే టైపు చేస్తోంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో బస్సుల బాడీ కట్టే పనిలో ముప్పై అయిదేళ్లు ఉన్నాను. కారవాన్ నాకు కొత్త, రేకూ రివెట్టూ కొత్త కాదు. పోయినేడాది అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడు ఇలాంటి వెండి బండిని దగ్గరగా చూసి, దాని రివెట్ల వరుస మీద చేయి వేసి నడిచాను. ఎంత దూరం పోయినా వేలికి ఒక్క రివెట్టు ఎత్తూ తగల్లేదు, పల్లమూ తగల్లేదు. కట్టినవాడి చేయి ఎలాంటిదో దాంతోనే తెలిసింది.

రివెట్ ఇద్దరి పని. బయటివాడు గాలి సుత్తి పట్టుకుంటాడు, లోపలివాడు ఇనుప దిమ్మ ఆనిస్తాడు. దిమ్మ రివెట్ తోకకు నిటారుగా ఆనాలి, కాస్త వాలితే తోక పక్కకు వంగుతుంది. లోపల బయటికి వచ్చే తోక రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. కొట్టాక అది నలిగి, అంతే వెడల్పుగా పరుచుకుని, లావులో సగం ఎత్తున నిలవాలి. తక్కువ కొడితే వదులు, ఎక్కువ కొడితే రేకు చుట్టూ గిన్నెలా లోతు పడుతుంది. సరిగ్గా కూర్చున్న రివెట్‌కు మోత మారుతుంది. మొదట డబడబమని బోలుగా వినిపించేది చివరికి గట్టిపడుతుంది. ఆ మార్పు చెవికి పట్టే దాకా పనికిరాని రేకు ముక్కల మీద రెండు వందలైనా కొట్టి చూడండి, ఆ తర్వాతే బండి మీదికి వెళ్లండి.

పాత రివెట్ తీయడానికి తల మధ్యలో చుక్క పెట్టి, తల మందం వరకే డ్రిల్ చేయండి. తల ఊడాక తోకను మొద్దు మేకుతో తట్టండి. డ్రిల్ పక్కకు జారితే రంధ్రం పెద్దదవుతుంది, పెద్ద రివెట్ పెట్టవలసి వస్తుంది, ఆ ఒక్కటి వరుసలో ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. ఇనుము, అల్యూమినియం కలిసే చోట మధ్యలో పూత గానీ పట్టీ గానీ లేకుండా ఎన్నడూ బిగించవద్దు. తడి తగిలితే రెండింటిలో అల్యూమినియమే పోతుంది. మా బస్సుల్లో మెట్ల దగ్గర ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

డేటన్_వాసి

బాబాయి గారూ, మీ మాటలు రాసుకుని గోడకు అంటించాను. మా అబ్బాయికి దిమ్మ పట్టుకునే పని అప్పగించవచ్చా? పదమూడేళ్లవాడు.

ఆటోనగర్_బాబాయి

నేను దిమ్మ పట్టింది పన్నెండేళ్లకు. అప్పుడు ఎవరూ చెవులకు ఏమీ పెట్టలేదు, అందుకే ఇప్పుడు అమ్మాయి నాకు గట్టిగా చదివి వినిపించవలసి వస్తోంది. పిల్లవాడికి చెవి మూతలు, కళ్లజోడు పెట్టి ఇవ్వండి బాబూ. లోపలివాడి చెవికే మోత ఎక్కువ.

కొయ్యబొమ్మ

బాబాయి గారి పోస్టు చదివాక నాకూ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలనిపించింది. షాస్టా లోపలి బర్చ్ చెక్కకు ఆ తేనె రంగు ఎలా వచ్చిందో తెలియక నేను మొదట మార్కెట్లో దొరికే వార్నిష్‌లన్నీ పూసి చూశాను. ఒక్కటీ కలవలేదు. చివరికి తెలిసింది, అది అంబర్ షెల్లాక్. షెల్లాక్ అంటే మన లక్కే. ఏటికొప్పాక బొమ్మలకు నునుపు తెచ్చే లక్క. బొమ్మలకు చిత్రిక మీద రాపిడి వేడితో పట్టిస్తారు, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి పూస్తారు, అంతే తేడా. దానిలో గొప్పతనం ఏమిటంటే, కొత్త పూత పాత పూతను కొద్దిగా కరిగించి దానిలో కలిసిపోతుంది. అందుకే అక్కడక్కడ మచ్చపడ్డ చెక్కను మొత్తం గీకకుండానే బాగు చేయవచ్చు. నీటి మచ్చ నల్లగా ఉంటే ఆక్సాలిక్ ఆమ్లంతో తుడిచి, బాగా ఆరాక పూయండి. పలుచగా నాలుగు పూతలు, మందంగా రెండు కాదు.

శంషాబాద్_శ్రీను

ఇక్కడ హైదరాబాద్‌లో నాకు ఇలాంటి బండి కొనే అవకాశం లేదు, అయినా మొదటి నుంచి చదువుతున్నాను. ఇవి ఎప్పుడైనా మన దేశానికి వచ్చాయా?

పాతరథం

వచ్చాయి. ఎయిర్‌స్ట్రీమ్ స్థాపకుడు వాలీ బయామ్ వందలాది కుటుంబాలను వెంటబెట్టుకుని దూర దేశాలకు యాత్రలు నడిపేవాడు. 1959లో కేప్‌టౌన్ నుంచి కైరోకు బయలుదేరారు. ఆయన 1962లో చనిపోయాక కూడా 1963లో సింగపూర్ నుంచి పోర్చుగల్ దాకా ప్రపంచ యాత్ర జరిగింది, అది భారతదేశం మీదుగానే సాగింది. ఆయన పేరుతో 1955లో మొదలైన క్లబ్బులో ప్రతి సభ్యునికీ ఒక సంఖ్య ఉండేది. దాన్ని పెద్ద ఎర్ర అంకెల్లో బండికి అంటించేవారు. డేటన్_వాసి గారూ, మీ బండి ముందు భాగంలో అలాంటివేమైనా ఉన్నాయా?

డేటన్_వాసి

ఎర్ర అంకెలేవీ లేవు. హిచ్ చట్రం మీద పెన్సిల్ రుద్ది చూశాను, చివరి మూడు అంకెలు వచ్చాయి, మిగిలినది తుప్పు తినేసింది. ఫ్రిజ్ వెనక పలక మీద 1967 అని ఉంది, దాని రివెట్లు, చుట్టూ ఉన్న చెక్క కోత చూస్తే ఎన్నడూ కదిలించినట్టు లేదు.

పాతరథం

అయితే 1967 గానీ 1968 గానీ. ఇంకొంచెం వెతకండి.

డేటన్_వాసి

పది రోజుల తర్వాత వస్తున్నాను. చాలా రాయవలసి ఉంది.

ముందు రేకు మీద పసుపు పూత తొలగించి చూద్దామని, కిటికీ కింద ఒక్క పలకకే ద్రావకం పూసి, గుడ్డతో తుడిచాను. పూత జిగురుగా ఊడి వచ్చింది. నీళ్లతో కడిగి, ఎండ ఏటవాలుగా పడుతుండగా చూస్తే, మబ్బు రంగు రేకులో అంతకంటే కాస్త మెరిసే అంకెలు కనబడ్డాయి. నేరుగా చూస్తే ఏమీ లేదు. పక్కకు జరిగి వంగితే నాలుగు అంకెలు, ఒక్కొక్కటి జానెడు ఎత్తున ఉన్నాయి. ఎప్పుడో ఊడిపోయిన ఎర్ర అంకెల కింద రేకు ఎండకు మారకుండా నిలిచిన గుర్తు అది.

ఆ నాలుగు అంకెలూ చెప్పడానికి పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల అత్తగారి ఆల్బమ్‌లోని ఒక ఫొటో తీసి పంపారు. 1963 వేసవి అని వెనక రాసి ఉంది. ఫొటోలో ఉన్నది మా బండి కాదు. చట్రం ఉన్న కిటికీలతో అంతకంటే చిన్న బండి, పాతరథం గారు చెప్పిన 16 అడుగుల బాంబీయే అనుకుంటాను. దాని ముందు అవే నాలుగు అంకెలు ఉన్నాయి. అంటే ఆయన మామగారు 1963లో ఒకటి కొని, కొన్నేళ్ల తర్వాత దాన్ని ఇచ్చి కొంచెం పెద్దది తీసుకున్నారు. బండి మారినా సభ్యత్వ సంఖ్య మారలేదు. పెద్దాయన జ్ఞాపకం తప్పు కాదు, రెండు బళ్లు ఆయన మనసులో ఒకటిగా కలిసిపోయాయి.

టల్సా_శారద

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. క్లబ్బు ఏటేటా సభ్యుల సంఖ్యలతో పుస్తకం ముద్రించేది. పాత ప్రతులు దొరికితే ఆ కుటుంబం ఏ ఊరి నుంచి ఏ ఏడాది దాకా సభ్యులుగా ఉన్నారో తెలుస్తుంది. 1967, 1968 ప్రతులు వెతకండి.

నాలుగుచక్రాలు

ఆ పలకకు దయచేసి మెరుగు పెట్టకండి.

రేకుడబ్బా

మిగతా బండి అంతా అద్దంలా మెరుస్తూ, ఆ ఒక్కటే మబ్బుగా ఉంటే చూడటానికి బాగుండదేమో. ఫొటో తీసి పెట్టుకుని, మెరుగు పెట్టి, కొత్త ఎర్ర అంకెలు అంటిస్తే సరిపోదా?

పాతరథం

కొత్త అంకెలు ఎప్పుడైనా అంటించవచ్చు రేకుడబ్బా గారూ, ఆ గుర్తు మళ్లీ రాదు. పైగా ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. ఈ రేకు గట్టి మిశ్రమ లోహం, దానికి రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొర ఉంటుంది. అద్దంలా మెరిసేది, తుప్పును ఆపేది ఆ పొరే. ఇసుక కాగితంతో గానీ, గరుకు చక్రంతో గానీ రుద్దితే ఆ పొర పోతుంది, తర్వాత ఎంత రుద్దినా ఆ మెరుపు రాదు. కనుక ఎక్కడ మెరుగు పెట్టినా మెత్తని లేపనంతో, చేతి గుడ్డతో ముగించే పద్ధతిలోనే పెట్టాలి. ఒక్కో పలకకు ఒక పూట పడుతుంది. నల్లని జిడ్డు మోచేతుల దాకా అంటుతుంది. తొందర ఉన్నవారికి కుదిరే పని కాదు.

డేటన్_వాసి

నా నిర్ణయం చెబుతాను. మొదట వెనక నేల, తర్వాత యాక్సిల్, తర్వాత అతుకులు. మెరుగు వచ్చే వేసవికి. మా అబ్బాయి కూడా ఒప్పుకున్నాడు, ఆ అంకెలు మొదట చూసింది వాడే. పెద్దాయన వచ్చే ఆదివారం బండి చూడటానికి వస్తానన్నారు, ఆ లోపల దాన్ని ముట్టుకోను. ఒక్క సందేహం మిగిలింది. ఆ నాలుగు అంకెలు కాపాడాలంటే చుట్టూ ఎంత జాగా వదలాలి?

పాతరథం

జాగా లెక్క వేయకండి. రివెట్ల వరుస నుంచి రివెట్ల వరుస దాకా ఆ రేకు మొత్తం వదిలేయండి. పలక మధ్యలో ఆపితే అక్కడ మరక పడ్డట్టు కనబడుతుంది. వరుస దగ్గర ఆపితే కావాలని వదిలినట్టు చూసేవారికి తెలుస్తుంది.

ఆటోనగర్_బాబాయి

ఆ వరుసలో రివెట్లు కూడా మార్చకు బాబూ. వదులైనవి ఉంటే లోపలి నుంచి దిమ్మ ఆనించి, పాతవాటినే మళ్లీ ఒక్క దెబ్బతో బిగించవచ్చు. ఎలాగో అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసి పంపిస్తాను.